పంటి ఎనామిల్‌ను కట్టే ప్రోటీన్లు పని అయ్యాక ఎక్కడికి పోతాయి?

2025 నవంబరులో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రోటీన్ జెల్ గురించి 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో రాశారు. అరిగిన పంటి మీద పూస్తే ఎనామిల్‌లాంటి పొర మళ్ళీ పెరుగుతుందన్నది దాని సారాంశం. శీర్షిక ఒక్కటే చదివినవాళ్ళకు పిప్పి పళ్ళు ఇక వాటంతటవే పూడుకుంటాయనీ, సిమెంటు పెట్టించుకునే పనే ఉండదనీ అనిపిస్తుంది. ఆ జెల్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలంటే, మన శరీరం మొదటిసారి ఎనామిల్‌ను ఎలా తయారుచేస్తుందో చూడాలి. అందులో ఒక విచిత్రం ఉంది. శరీరంలోకెల్లా గట్టి పదార్థాన్ని కట్టేది జిగురులాంటి మెత్తటి ప్రోటీన్లు. కట్టడం పూర్తయ్యేసరికి అవి దాదాపు ఒక్కటీ మిగలవు, మిగలకూడదు కూడా.

ఎముకలో ఉన్న ఖనిజమే, కానీ అమరిక వేరు

పూర్తిగా తయారైన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ప్రోటీన్ వగైరా ఒక శాతం, మిగిలింది నీరు. ఎముకలో ఖనిజం 65 నుంచి 70 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ కూడా సుమారుగా అంతే. మూడింటిలోనూ ఉన్న ఖనిజం మాత్రం ఒకే రకం, హైడ్రాక్సీఅపటైట్. అంటే 10 కాల్షియం, 6 ఫాస్ఫేట్, 2 హైడ్రాక్సిల్ కలిసిన ఒక అమరిక, అదే మళ్ళీ మళ్ళీ పేరుకుంటూ పోయిన స్ఫటికం.

సరుకు ఒకటే అయినా ఎనామిల్‌కు అంత గట్టిదనం వచ్చింది స్ఫటికాల ఆకారం నుంచి, వాటి వరస నుంచి. ఎముకలో స్ఫటికాలు చిన్న చిన్న పలకలు. ఎనామిల్‌లో అవి కొన్ని పదుల నానోమీటర్ల మందంతో, దానికి ఎన్నో వేల రెట్ల పొడవుతో సాగిన సన్నటి పట్టీలు. అలాంటివి వేలకొద్దీ కలిస్తే సుమారు 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, అందులో వెయ్యో వంతు నానోమీటరు) మందం ఉన్న ఒక కడ్డీ అవుతుంది. ఈ కడ్డీలు డెంటిన్ నుంచి పంటి పైభాగం వరకూ సాగుతూ, దారిలో ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. ఒక కడ్డీలోపల పక్కపక్కనున్న స్ఫటికాలు కూడా సరిగ్గా ఒకే దిక్కుకు తిరిగి ఉండవని, కొద్ది డిగ్రీలు అటూ ఇటూ వాలి ఉంటాయని 2019లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పగులు వస్తే నేరుగా చీల్చుకుంటూ పోలేక దారి మళ్ళి ఆగిపోవడానికి ఈ వాలు పనికొస్తుంది. శనగలు నమిలిన ప్రతిసారీ పన్ను పగలకుండా ఉండటానికి ఇదీ ఒక కారణం.

రోజుకు 4 మైక్రాన్ల చొప్పున

ఈ కడ్డీలను కట్టే కణాలను అమెలోబ్లాస్టులు అంటారు. పన్ను ఇంకా చిగురు లోపల ఉన్నప్పుడే ఇవి డెంటిన్ మీద ఒకే వరసలో నిలబడతాయి. ప్రోటీన్లనూ, ఖనిజానికి కావలసిన అయాన్లనూ ముందుకు వదులుతూ, తాము వెనక్కి జరుగుతాయి. అలా జరిగిన దారే కడ్డీ అవుతుంది. మనుషుల్లో ఈ నడక రోజుకు సుమారు 4 మైక్రాన్లు. ఆ లెక్కన 1 మిల్లీమీటరు మందానికి 250 రోజులు, 2 మిల్లీమీటర్లకు 500 రోజులు పడుతుంది. ఎనామిల్ బాగా మందంగా ఉండే దవడ పళ్ళ మొనల దగ్గర అది 2 మిల్లీమీటర్లు దాటుతుంది కూడా. ఏ రోజు ఎంత కట్టారో తెలిపే సన్నటి గీతలు ఎనామిల్‌లో శాశ్వతంగా ఉండిపోతాయి. బిడ్డ పుట్టిన రోజు పాలపళ్ళలో ప్రత్యేకంగా ఒక గీతగా కనిపిస్తుంది.

పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికి ఈ కణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎందుకంటే దాన్ని కట్టే కణాలు లోపల బతికే ఉంటాయి. ఎనామిల్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఖనిజాన్ని పుట్టించడం తేలిక, ఆపడమే కష్టం

కాల్షియం, ఫాస్ఫేట్ ద్రావణాలను ఒక పరీక్షనాళికలో కలిపితే ఏ ప్రోటీనూ లేకుండానే తెల్లటి పొడి అడుక్కి దిగుతుంది. అందులో ముక్కలు ఎటుపడితే అటు ఉంటాయి. కాబట్టి ప్రోటీన్లు ఖనిజాన్ని 'తయారు చేస్తాయి' అనడం కన్నా, అది ఎక్కడ మొదలవ్వాలి, ఎటు పెరగాలి, ఎటు పెరగకూడదు అన్నవి చూసుకుంటాయి అనడం సరిగ్గా ఉంటుంది. నిజానికి పనిలో ఎక్కువ భాగం అడ్డుకోవడమే.

ఎనామిల్ మొదటి దశలో ముఖ్యమైన ప్రోటీన్లు మూడు. వాటిలో దాదాపు 90 శాతం అమెలోజెనిన్. మిగతా కొద్దిలో అమెలోబ్లాస్టిన్, ఎనామెలిన్ ఉంటాయి. మనిషి అమెలోజెనిన్ 175 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ప్రోలిన్, గ్లుటమిన్, ల్యూసిన్, హిస్టిడిన్ ఎక్కువ. గొలుసులో చాలా భాగం నీటికి దూరంగా ఉండాలని చూస్తుంది. చివరన ఉన్న డజను అమైనో ఆమ్లాలు మాత్రం విద్యుదావేశంతో నీటికీ, ఖనిజానికీ దగ్గరవుతాయి. మొదట్లో, 16వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఒకే ఒక్క ఫాస్ఫేట్ తగిలించి ఉంటుంది. ఆ ఒక్కటీ చాలా పని చేస్తుందని కాసేపట్లో చూద్దాం.

ఏది ఏం చేస్తుందో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న దారి సూటిగా ఉంటుంది. చిట్టెలుకల్లో ఒక్కో జన్యువునే తీసేసి పళ్ళు చూశారు. ఎనామెలిన్ లేని ఎలుకల్లో అసలైన ఎనామిల్ ఏర్పడలేదు. అమెలోబ్లాస్టిన్ పాడైనవాటిలో కణాలే డెంటిన్ నుంచి ఊడిపోయి వరస చెదిరింది, అక్కడా ఎనామిల్ లేదు. తొంభై శాతం ఉన్న అమెలోజెనిన్‌ను తీసేస్తే ఫలితం ఇంకా ఘోరంగా ఉండాలి కదా? 2001లో ఆ ప్రయోగం చేసినప్పుడు సుద్దలా తెల్లటి, పలచటి, వరస లేని పొర వచ్చింది. పొర అంటూ ఒకటి వచ్చింది, అందులో స్ఫటికాలూ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువున్న ప్రోటీన్ లేకపోయినా ఖనిజం మొదలవుతోందన్నమాట. ఇక్కడి నుంచే వాదనలు మొదలయ్యాయి.

గోళాలా, పట్టీలా?

1990లలో అలన్ ఫించమ్ బృందం అమెలోజెనిన్ అణువులు సుమారు వంద చొప్పున ముద్దకట్టి 20 నానోమీటర్ల గోళాలు అవుతాయని చూపించింది. ఈ గోళాలు స్ఫటికాల పక్కన వరసగా పేరుకుని, అవి పక్కలకు లావెక్కకుండా ఆపుతాయి, కాబట్టి పొడవుగానే పెరుగుతాయన్నది వాళ్ళ వివరణ. చాలా ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది ఈ బొమ్మే. గోళాలు తేలిగ్గా కనిపించింది పరీక్షనాళికలో. అక్కడ ఆమ్లత్వం, గాఢత కాస్త మార్చితే ప్రోటీన్ వేరే రూపాలు కూడా ఎత్తుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ హాబెలిట్జ్ బృందం సరిగ్గా అదే చూసింది. కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లు ఉన్నప్పుడు అమెలోజెనిన్ గోళాలకు బదులు 17 నానోమీటర్ల వెడల్పున్న పొడవాటి పట్టీలుగా అల్లుకుని, ఒకదాని పక్కన ఒకటి వరస కడుతుంది. 2020లో వాళ్ళు ఈ పట్టీల నిర్మాణం అమిలాయిడ్‌ను (ప్రోటీన్ గొలుసులు మడతపడి ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పోగును) పోలి ఉందని, వాటి మీద ఖనిజం అదే దిక్కుకు పెరుగుతుందని చెప్పారు. అమిలాయిడ్ పేరు వినగానే అల్జీమర్స్ గుర్తొస్తుంది గానీ, ఇక్కడ అది జబ్బు కాదు, శరీరం పనికి వాడుకునే ఒక మడత మాత్రమే. ఈ వాదంలో ఉన్న ఆకర్షణ ఏమిటంటే ఎనామిల్ స్ఫటికాలూ పొడవాటి పట్టీలే, అచ్చు కూడా పట్టీయే.

మూడో వాదం మిషిగన్ విశ్వవిద్యాలయ బృందానిది. జన్యువులు తీసేసిన ఎలుకల్లో, కణాన్ని ఆనుకుని ఖనిజం మొట్టమొదట పుట్టే చోటును వాళ్ళు దగ్గరగా పరిశీలించారు. అమెలోజెనిన్ లేకపోయినా అక్కడ మొదటి ఖనిజ పట్టీలు కనబడ్డాయి. ఎనామెలిన్ గానీ అమెలోబ్లాస్టిన్ గానీ లేకపోతే కనబడలేదు. అంటే మొదలుపెట్టేది ఆ రెండు చిన్న ప్రోటీన్లూ, కణం పొరా కలిసి. అమెలోజెనిన్ ఆ పట్టీల మధ్య చోటు నింపి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా, దారి తప్పకుండా కాస్తుంది. అది లేని ఎలుకల్లో మొదటి పట్టీల తర్వాత విసనకర్రల్లా విచ్చుకున్న పలకలు పెరిగాయి. వాటిలో ఆక్టాకాల్షియం ఫాస్ఫేట్ అనే వేరే ఖనిజం కూడా దొరికింది.

నా మటుకు నాకు, 'ఎవరు మొదలుపెట్టారు' అన్న ప్రశ్నకు బతికున్న ఎలుకల సాక్ష్యం పరీక్షనాళిక సాక్ష్యం కన్నా బరువైనదిగా కనిపిస్తుంది. అలాగని హాబెలిట్జ్ పట్టీలను కొట్టిపారేయలేం. మొదలైన పట్టీని వందల మైక్రాన్ల దూరం నిటారుగా నడిపించడానికి ఏదో ఒక వరస కావాలి, అది అమెలోజెనిన్‌దే కావచ్చు. రెండు వాదాలూ ఎనామిల్‌లో వేర్వేరు చోట్లను, వేర్వేరు గంటలను చూస్తున్నాయి.

ఒక విషయంలో మాత్రం దూరం తగ్గింది. మొదటి ఖనిజం స్ఫటికంగా పుట్టదు. 2009లో ఎలియా బెనియాష్, పూపా గిల్బర్ట్ తదితరులు కొత్తగా కడుతున్న ఎలుక ఎనామిల్‌లో ఖనిజం ముందు నిర్దిష్టమైన అమరిక లేని కాల్షియం ఫాస్ఫేట్‌గా ఉంటుందని, తన ఆకారం, వరస పోగొట్టుకోకుండానే తర్వాత స్ఫటికంగా మారుతుందని చూపించారు. ఆకారం ముందు, స్ఫటికం తర్వాత. ఈ మార్పు తొందరపడి జరగకుండా నిలిపి ఉంచేది అమెలోజెనిన్ మీదున్న ఆ ఒక్క ఫాస్ఫేటే. ఆ సెరీన్ స్థానంలో ఫాస్ఫేట్ తగిలించడానికి వీల్లేని అలనైన్‌ను పెట్టిన ఎలుకల్లో ఎనామిల్ పాడైంది.

ఇలాంటి పని చేసే చుట్టం ఒకటి మన వంటింట్లోనే ఉంది. పాలలోని కేసిన్ ప్రోటీన్లు బోలెడంత కాల్షియం ఫాస్ఫేట్‌ను గడ్డకట్టనివ్వకుండా పట్టి ఉంచుతాయి. కేసిన్ జన్యువులూ ఎనామిల్ ప్రోటీన్ల జన్యువులూ ఒకే కుటుంబం నుంచి వచ్చాయి. లాలాజలంలో ఖనిజం పేరుకోకుండా చూసే స్టాథెరిన్‌దీ అదే వంశం.

కత్తిరించి బయటికి పంపడం

ఇళ్ళు కట్టేటప్పుడు స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తారు. ఎనామిల్‌లోనూ విప్పడం ఉంది, కానీ ఇక్కడ ప్రోటీన్ ఖాళీ చేసిన చోటులోకే ఖనిజం లావెక్కుతుంది. విప్పకపోతే కట్టడం సగంలోనే ఆగిపోతుంది.

మొదటి దశ ముగిసేసరికి ఎనామిల్ పూర్తి మందానికి వస్తుంది, కానీ ఖనిజం దాదాపు 30 శాతమే. మిగిలినదంతా ప్రోటీన్, నీరు. అప్పటికే ఎంఎంపీ20 అనే ఎంజైమ్ అమెలోజెనిన్‌ను తోక నుంచి కత్తిరించడం మొదలుపెట్టి ఉంటుంది. తర్వాతి దశ పేరు పరిపక్వత. అందులో కేఎల్‌కే4 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి మిగిలినదాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను కణాలు వెనక్కి లాక్కుంటాయి. స్ఫటికాలు అప్పుడు పక్కలకు లావెక్కి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి.

ఈ ఎంజైమ్‌లు లేకపోతే ఏమవుతుందో కూడా ఎలుకలే చెప్పాయి. ఎంఎంపీ20 లేకపోతే ఎనామిల్ పలచగా, మెత్తగా, వరస చెడి వచ్చింది. కేఎల్‌కే4 లేని ఎలుకల సంగతి ఇంకా ఆసక్తికరం. మందం సరిగ్గానే ఉంది, స్ఫటికాల దిక్కూ సరిగ్గానే ఉంది. కానీ ప్రోటీన్ మధ్యలో ఇరుక్కుపోవడంతో స్ఫటికాలు లావెక్కలేదు, ఒకదానితో ఒకటి బిగుసుకోలేదు. పన్ను బయటికి వచ్చాక నమిలేసరికే పొర పెచ్చులుగా ఊడింది. నక్షా తప్పకపోయినా, ప్రోటీన్‌ను తీసేయకపోవడం ఒక్కటే కట్టడాన్ని పడగొట్టింది.

పరిపక్వతలో ఇంకో చిక్కు ఆమ్లం. ఒక హైడ్రాక్సీఅపటైట్ అమరిక ఏర్పడినప్పుడల్లా, ఫాస్ఫేట్ ఏ రూపంలో అందిందన్నదాన్ని బట్టి 8 నుంచి 14 హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. దాన్ని అలాగే వదిలేస్తే ఆ ఆమ్లమే కట్టిన ఖనిజాన్ని కరిగిస్తుంది. అందుకే కణాలు బైకార్బొనేట్ పంపి దాన్ని చల్లారుస్తాయి. పీహెచ్ (ఆమ్లత్వానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6 దగ్గరికీ 7.2 దగ్గరికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. దానితో పాటు కణాల చివర్లు కూడా ముడతలుగా, మళ్ళీ నునుపుగా మారుతుంటాయి.

పని మధ్యలో ఆగితే: మూడు రకాలు

పుట్టుకతో వచ్చే లోపాన్ని అమెలోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. ఎనామెలిన్ జన్యువు తేడా అయితే పొర పలచగా ఉంటుంది. కేఎల్‌కే4 తేడా అయితే మందం సరిగ్గా ఉండి, మెత్తగా, పసుపుగానో గోధుమరంగుగానో ఉంటుంది. ఎలుకల్లో చూసిన కథే ఇది. అమెలోజెనిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి, ఆ లోపం ఉన్న ఆడపిల్లల్లో కొన్నిసార్లు పళ్ళ మీద నిలువు చారలు కనిపిస్తాయి. ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది. మంచి జన్యువున్న కణాల వరస ఒక చార, పాడైన వరస పక్క చార.

రెండోది పిల్లల్లో మొదటి దవడ పళ్ళ మీద, ముందు పళ్ళ మీద కనిపించే సుద్దలాంటి మచ్చలు. ఇవి తీపికీ, చల్లటికీ జివ్వుమంటాయి, తొందరగా పుచ్చుతాయి. ఈ మచ్చల్లో రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఇరుక్కుని ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. పరిపక్వత దశలో లోపలికి చేరిన ఆల్బుమిన్ స్ఫటికాలను అంటుకుని వాటి పెరుగుదలను ఆపేస్తుందని వాళ్ళ వివరణ. ఎనామిల్‌ను పాడుచేయడానికి ఎనామిల్ ప్రోటీనే మిగలాల్సిన పని లేదు, ఏ ప్రోటీన్ ఇరుక్కున్నా సరిపోతుంది.

మూడోది తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేని ఫ్లోరోసిస్. మన దేశంలో దీని తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. తర్వాత నల్గొండ పేరు దానికి పర్యాయపదమైపోయింది. పళ్ళ వరకే చూస్తే, ఎనామిల్ తయారవుతున్న చిన్నతనంలో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితేనే మచ్చలు వస్తాయి. పళ్ళన్నీ తయారైన పెద్దవాళ్ళకు అదే నీళ్ళు ఎముకలను దెబ్బతీస్తాయి గానీ, పళ్ళ మీద కొత్తగా మచ్చలు తేవు. మచ్చ పడాలంటే అమెలోబ్లాస్టు ఉండాలి. గోధుమరంగు కూడా లోపలి నుంచి రాదు, రంధ్రాలున్న ఎనామిల్ బయటి రంగును పీల్చుకుంటుంది.

ఫ్లోరోసిస్ పంటిలో ప్రోటీన్ మామూలుకన్నా ఎక్కువ మిగిలిపోతుందన్నది గట్టిగా తెలిసిన సంగతి. ఎందుకు మిగులుతుందన్న దగ్గరే అభిప్రాయాలు చీలాయి. ఫ్లోరైడ్ ఎంజైమ్‌ను ఆపేస్తుందని మొదట అనుకున్నారు. పరీక్షల్లో ఎంఎంపీ20, కేఎల్‌కే4 రెండూ ఫ్లోరైడ్ ఉన్నా మామూలుగానే కత్తిరించాయి. దాంతో ఆ వాదం బలహీనపడింది. కణాలు కేఎల్‌కే4ను తక్కువగా తయారుచేస్తున్నాయని ఎలుకల్లో కొన్ని ప్రయోగాలు చెప్పాయి. ఫ్లోరైడ్ ఖనిజం పేరుకోవడాన్ని ఎగదోయడం వల్ల ఆమ్లం ఒక్కసారిగా పెరిగి కణాల లయ తప్పుతుందని మరో వాదం. ఫ్లోరైడ్‌తో కణాల్లో ప్రోటీన్ తయారీయే ఒత్తిడికి లోనవుతుందని ఇంకొకటి. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు, మూడూ కలిసి జరగవచ్చు.

అదే ఫ్లోరైడ్‌ను టూత్‌పేస్టులో ఎందుకు పెడతారన్న అనుమానం రావడం సహజం. తయారైపోయిన పంటి మీద లెక్క వేరు. అక్కడ కణాలు లేవు, చెడగొట్టడానికి జరిగే పనీ లేదు. పైపై స్ఫటికాల్లో చేరిన ఫ్లోరైడ్ వాటిని ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. మామూలు ఎనామిల్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలైతే, ఫ్లోరైడ్ చేరినది 4.5 దాకా ఓర్చుకుంటుంది. చిన్నపిల్లలకు పేస్టు కొంచెమే వేసి, మింగనివ్వద్దని చెప్పేది వాళ్ళ లోపలి పళ్ళు ఇంకా తయారీలో ఉన్నాయి కాబట్టే.

మిగిలిపోయిన ఆ ఒక్క శాతం

ఎనామిల్‌లో చిక్కుకుని మిగిలే కొద్ది ప్రోటీన్ శాస్త్రవేత్తలకు బంగారమే. డీఎన్‌ఏ ఎప్పుడో నశించిపోయిన శిలాజ దంతాల్లోనూ ఇది దొరుకుతోంది. స్పెయిన్‌లో దొరికిన సుమారు 8 లక్షల ఏళ్ళనాటి మానవజాతి పన్ను నుంచి 2020లో ప్రోటీన్లను చదివారు. అమెలోజెనిన్ జన్యువు వై క్రోమోజోమ్ మీద కూడా ఉంది, ఎక్స్ మీదున్నదానికీ దానికీ చిన్న తేడా ఉంది. అందుకే ఆ ముక్కలను బట్టి పన్ను మగవాళ్ళదని చెప్పగలుగుతున్నారు.

ఫోరెన్సిక్ ల్యాబుల్లో డీఎన్‌ఏ నమూనా ఆడో మగో తేల్చడానికి వాడేదీ ఈ జన్యువునే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కె. తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2002లో ఈ పరీక్షకు ఒక హెచ్చరిక జోడించారు. వాళ్ళు చూసిన 270 మంది భారతీయ పురుషుల్లో ఐదుగురికి వై మీది అమెలోజెనిన్ జన్యువు లేదు. ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుంటే వాళ్ళు స్త్రీలుగా నమోదవుతారు. మగవాళ్ళ ఎనామిల్‌లోనూ అమెలోజెనిన్‌లో 90 శాతం ఎక్స్ జన్యువు నుంచే వస్తుంది, కాబట్టి వై మీదిది లేకపోయినా పని నడుస్తుంది.

ఇంతకీ ఆ జెల్?

నాటింగ్‌హామ్ జెల్‌లో ఉన్నది అసలు అమెలోజెనిన్ కాదు. సాగే గుణం ఉన్న ఎలాస్టిన్ ప్రోటీన్ నమూనాలో తయారుచేసి, అమెలోజెనిన్‌లా పట్టీలుగా అల్లుకునేలా మలిచిన కృత్రిమ ప్రోటీన్ అది. పంటి మీద పూస్తే సన్నటి పొరగా అంటుకుని, కాల్షియం, ఫాస్ఫేట్‌లను పట్టుకుని, కింద ఉన్న స్ఫటికాల దిక్కులోనే కొత్త ఖనిజాన్ని పెంచుతుంది. బయటపడిన డెంటిన్ మీద కూడా పొర వచ్చిందని వాళ్ళు చెప్పారు. పీకిన మనిషి పళ్ళ మీద చేసిన ఈ పరీక్షల్లో బ్రష్ రాపిడినీ, నమిలే ఒత్తిడినీ, ఆమ్లాన్నీ ఆ పొర తట్టుకుంది. వార్తలో నిజమైన కొత్తదనం ఇదే.

దీనికన్నా ముందు 2019లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ బృందం ప్రోటీన్ లేకుండానే, అమరిక లేని కాల్షియం ఫాస్ఫేట్ గుత్తులతో ఎనామిల్ మీద కొత్త పొర పెంచింది. రెండు రోజుల్లో వచ్చిన మందం సుమారు 2.5 మైక్రాన్లు. అమెలోబ్లాస్టుకు అది ఒక్క రోజు పని కూడా కాదు. ఇలాంటి పొరలు అరిగినచోట, జివ్వుమనేచోట, పుచ్చు ఇంకా తెల్ల మచ్చగా ఉన్న దశలో అక్కరకు వస్తాయి. గుంట పడిన దవడ పంటిలో కోల్పోయింది మిల్లీమీటర్లలో ఉంటుంది. అక్కడ ఉండిన కడ్డీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ అల్లుకున్నది కణాలు వంకరగా నడిచిన దారి వల్ల. జెల్ నడవదు, కింద ఉన్నదాన్ని చూసి పెంచుతుంది. ఆ నడిచే కణాలనే తిరిగి తెచ్చే ప్రయత్నం వేరుగా సాగుతోంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2023లో మూలకణాల నుంచి, ఎనామిల్ ప్రోటీన్లను విడుదల చేసే అమెలోబ్లాస్టుల చిన్న ముద్దలను ల్యాబులో పెంచింది. ప్రస్తుతానికి గుంట పడిన పంటికి మందు సిమెంటే.